ఉంగరాల జుట్టుకి షాంపూ: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

"నాది ఉంగరాల జుట్టు, ఏ షాంపూ వాడమంటారు?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే నాలుగైదు సీసాలు మార్చి, ఒకటి వాడితే జుట్టు పీచులా అయిపోయిందని, ఇంకొకటి వాడితే రెండో రోజుకే జిడ్డోడుతోందని విసిగిపోయి ఉంటారు. పేరు చెప్పండి చాలు, కొనేసుకుంటాం అంటారు. పేరు చెప్పడం నాకు ఒక్క నిమిషం పని. కానీ మీ మాడు ఎలాంటిదో, మీ ఇంట్లో నీళ్ళు ఎలాంటివో తెలియకుండా నేను చెప్పే పేరు మీకు పనికిరాదు. అందుకే ఎంచుకునే పద్ధతి, వాడే పద్ధతి రెండూ మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నా.

ఒక్క సంగతి ముందే పట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. షాంపూ మాడుకి, కండిషనర్ జుట్టుకి. మన తలలో ఊరే నూనె, చెమట, మురికి అన్నీ ఉండేది మాడు మీద. తిన్నని జుట్టయితే ఆ నూనె వెంట్రుక పొడుగునా కిందికి జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద అంత తేలిగ్గా దిగదు. అందుకే మనలో చాలామందికి కుదుళ్ళ దగ్గర జిడ్డు, చివర్లలో ఎండిన గడ్డి, రెండూ ఒకే తలలో ఉంటాయి. ఈ రెండింటినీ ఒక్క షాంపూతో బాగుచేయాలని చూస్తే రెండూ చెడతాయి. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి వెళ్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మామూలుగా వాడుకోవడానికి ఒక మైల్డ్ షాంపూ
- నెలకోసారి వాడటానికి ఒక క్లారిఫైయింగ్ షాంపూ (జుట్టు మీద పేరుకున్న పొరల్ని గట్టిగా కడిగేసేది), చిన్న సీసా చాలు
- కండిషనర్. షాంపూ ఒక సీసా అయ్యేలోపు ఇది రెండు సీసాలైనా ఆశ్చర్యపోకండి, ఉంగరాల జుట్టు అంత తాగుతుంది
- పళ్ళు దూరం దూరంగా ఉన్న దువ్వెన
- పెద్ద క్లిప్పులు నాలుగు
- మెత్తబడిన పాత కాటన్ టీషర్ట్
- జుట్టు బాగా ఒత్తుగా ఉంటే, సన్నటి మూతి ఉన్న ఖాళీ సీసా ఒకటి

ఫోన్ కెమెరా కూడా కావాలి. ఎందుకో చివర్లో చెప్తాను.

మొదటి భాగం: ఎంచుకోవడం

1. ముందు మాడు సంగతి తేల్చుకోండి. తలస్నానం చేసి, నూనె గానీ క్రీము గానీ మాడుకి రాయకుండా ఒక రోజు వదిలేయండి. మరునాడు అదే వేళకి నడినెత్తిన పాయ తీసి, ఒక టిష్యూ కాగితాన్ని పది సెకన్లు అదిమి పట్టి చూడండి. కాగితం మీద నూనె మరక స్పష్టంగా కనిపిస్తే మీది జిడ్డు మాడు. ఏమీ అంటకపోతే మూడో రోజు మళ్ళీ చూడండి. అప్పుడూ కాగితం పొడిగానే ఉండి, మాడు బిగుసుకున్నట్టు అనిపిస్తే పొడి మాడు. మధ్యలో ఉంటే మామూలే. చెవుల వెనక కూడా ఒకసారి అద్ది చూడండి, కొంతమందికి నడినెత్తి పొడిగా ఉండి చెవుల వెనక, మెడ పైన జిడ్డు ఉంటుంది.

2. తర్వాత వెంట్రుక మందం. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. వేళ్ళ మధ్య ఏదో ఉందని సరిగ్గా తెలియకపోతే సన్న వెంట్రుక. కుట్టుదారంలా స్పష్టంగా తగిలితే మందపు వెంట్రుక. సన్నవెంట్రుకల వాళ్ళు షియా బటర్ లాంటి వెన్నలు, చిక్కటి నూనెలు బాగా వేసిన "క్రీమీ" షాంపూల జోలికి పోకండి, ఉంగరాలు బరువెక్కి సాగిపోతాయి. మందపు వెంట్రుకకి అవి బాగానే పనిచేస్తాయి.

ఇక్కడ అందరూ అడిగేది 2ఏ, 3బి, 4సి అనే రకాల గురించి. హెయిర్ స్టైలిస్ట్ ఆండ్రే వాకర్ పద్ధతి నుంచి వచ్చిన పేర్లు అవి. మెలిక ఎంత వదులుగా ఉంది, ఎంత బిగుతుగా ఉంది అని చెప్పుకోవడానికి పనికొస్తాయి. షాంపూ ఎంచుకోవడానికి అంతగా పనికిరావు, ఎందుకంటే ఒకే 3బి జుట్టు ఉన్న ఇద్దరిలో ఒకరి మాడు జిడ్డు, ఇంకొకరిది పొడి కావచ్చు. అలాగే గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి తేలిందా మునిగిందా అని చూసే పరీక్షనీ నమ్మకండి. వెంట్రుకకి కాస్త నూనె అంటుకుని ఉన్నా, ఒక గాలి బుడగ పట్టుకున్నా తేలుతుంది.

3. సీసా ముందు వైపు కాదు, వెనక వైపు చదవండి. ఇదే అసలు పని, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తాను. వెనక ఉండే పదార్థాల జాబితాని ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయొచ్చు. మొదటిది దాదాపు ఎప్పుడూ నీళ్ళే. రెండు నుంచి అయిదు దాకా ఉన్న పేర్లలోనే మురికి వదిలించేవి ఉంటాయి. మీ కళ్ళు అక్కడ ఆగాలి. ఎక్కడో పదిహేనో పేరుగా ఉన్న పూల సారం, పండు సారం గురించి సీసా ముందు ఎంత పెద్ద బొమ్మ వేసినా పట్టించుకోవద్దు.

గట్టిగా కడిగేవి: సోడియం లారిల్ సల్ఫేట్, అమోనియం లారిల్ సల్ఫేట్, సోడియం సి14-16 ఓలెఫిన్ సల్ఫొనేట్. సోడియం లారెత్ సల్ఫేట్ వీటికన్నా కాస్త మెత్తన.

మెత్తగా కడిగేవి: కోకమిడోప్రొపైల్ బీటైన్, డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డైసోడియం లారెత్ సల్ఫోసక్సినేట్, సోడియం కోకోయిల్ గ్లుటమేట్.

మా అక్క కూతురు ఒకసారి ఒక సీసా పట్టుకొచ్చి, "పిన్నీ, ఇది సల్ఫేట్ లేనిదే, ఉంగరాల జుట్టుకనే రాశారు, అయినా నా జుట్టు చీపురులా ఎందుకైంది?" అని అడిగింది. సీసా తిప్పి చూశాం. నీళ్ళ తర్వాత రెండో పేరే ఓలెఫిన్ సల్ఫొనేట్. అది సల్ఫేట్ కాదు, నిజమే, ముందు రాసింది అబద్ధం కాదు. కానీ కడగడంలో సల్ఫేట్‌కి ఏమీ తీసిపోదు. ఆ పిల్లది పొడి మాడు, పైగా రెండ్రోజులకోసారి తలస్నానం చేసేది. "సల్ఫేట్ ఫ్రీ" అన్న రెండు మాటలు చూసి కొనేస్తే జరిగేది ఇదే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సల్ఫేట్ ఉంటే విషం అన్నట్టు భయపడకండి. గట్టి పదార్థం పక్కనే బీటైన్ లాంటి మెత్తటిది కలిపితే మొత్తం మీద షాంపూ మెత్తబడుతుంది. జిడ్డు మాడు, బాగా చెమట పట్టే తల, రోజూ జెల్ రాసే అలవాటు ఉన్నవాళ్ళకి మరీ మెత్తటి షాంపూ సరిపోదు.

తేలిగ్గా గుర్తుపెట్టుకోవాలంటే ఇలా:

- పొడి మాడు: రెండు, మూడు స్థానాల్లో మెత్తటివే ఉండాలి
- మామూలు మాడు: మెత్తటివి, లేదా లారెత్ సల్ఫేట్‌తో పాటు బీటైన్ ఉన్నది
- జిడ్డు మాడు: లారెత్ సల్ఫేట్ గానీ ఓలెఫిన్ సల్ఫొనేట్ గానీ ఉన్నా ఫర్వాలేదు, పక్కన బీటైన్ ఉండాలి, కండిషనర్ మాత్రం మానకూడదు

4. పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే అంకె, 7 కన్నా తక్కువైతే ఆమ్లం) రాసి ఉంటే చూడండి. 5.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే మంచిది. పీహెచ్ ఎక్కువైతే వెంట్రుక పైపొర లేచి చిక్కులు పెరుగుతాయి. చాలా సీసాల మీద రాయరు. రాయకపోతే టెన్షన్ పడొద్దు, ఒంటి సబ్బుతో మాత్రం తల రుద్దకండి, దాని పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. షాంపూ బార్లు కొనేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. జాబితాలో సోడియం పామేట్, సోడియం కోకోయేట్ అని ఉంటే దాని పేరు షాంపూ బార్ అయినా అది సబ్బే. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే అది నిజంగా షాంపూ. కోకోయేట్, కోకోయిల్, పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, నిదానంగా చదవండి.

పిల్లల షాంపూ అయితే మెత్తగా ఉంటుంది కదా అని చాలామంది పెద్దవాళ్ళు అదే వాడేస్తుంటారు. కళ్ళు మండకుండా ఉండాలని అలాంటి చాలావాటి పీహెచ్‌ని కన్నీళ్ళకి దగ్గరగా, 7 చుట్టుపక్కల ఉంచుతారు. వాడితే ప్రమాదం లేదు, కానీ ఉంగరాల జుట్టుకి చిక్కు పడుతుంటే కారణం అదే కావచ్చు.

5. చూసి అనవసరంగా భయపడేవి. సీటైల్ ఆల్కహాల్, సీటెరైల్ ఆల్కహాల్, స్టీరైల్ ఆల్కహాల్. పేరులో ఆల్కహాల్ ఉన్నా ఇవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు, జుట్టుని మెత్తగా ఉంచుతాయి. ఎండబెట్టేవి వేరే, ఆల్కహాల్ డీనాట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటివి, అవి ఎక్కువగా జెల్స్, స్ప్రేలలో కనిపిస్తాయి. సిలికోన్లు అంటే డైమెథికోన్, అమోడైమెథికోన్ లాంటివి. వెంట్రుక మీద జారుడు పొర వేస్తాయి, చిక్కు తగ్గుతుంది. కొంతమందికి ఆ పొర పేరుకుని జుట్టు బరువెక్కుతుంది. నెలకోసారి క్లారిఫైయింగ్ షాంపూ వాడేవాళ్ళకి సిలికోన్లతో పెద్ద గొడవ ఉండదు.

6. చిన్న సీసా కొనండి, ముందు కొంచెం వాడి చూడండి. చెవి వెనక మాడు మీద కొంచెం షాంపూ వేసి, నురగ చేసి, ఒక నిమిషం ఆగి కడిగేసి, రెండు రోజులు గమనించండి. ఎరుపు, దద్దుర్లు, దురద ఏమీ రాకపోతే మొత్తం తలకి వాడండి. షాంపూని చర్మం మీద అలాగే ఆరనివ్వకండి, కడిగేయాల్సిన వస్తువు గంటల తరబడి ఉంటే ఎవరికైనా మండుతుంది. అలర్జీలు ఉన్నవాళ్ళు సువాసనలు, మిథైల్ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్, ఈ రెండింటినీ జాబితాలో వెతకండి, చర్మం మీద అలర్జీ తెప్పించేవాటిలో ఇవి బాగా పేరున్నవి.

రెండో భాగం: వాడటం

మంచి షాంపూ కొని తప్పుగా వాడేవాళ్ళకన్నా, ఒక మోస్తరు షాంపూ కొని సరిగ్గా వాడేవాళ్ళ జుట్టే బాగుంటుంది. ఇది నేను చాలా తలలు చూసి చెప్తున్న మాట.

1. పొడిగా ఉన్నప్పుడు దువ్వకండి, వేళ్ళతో ముడులు విప్పండి. చివర్లు మరీ చిక్కుపడి ఉంటే అక్కడ కొంచెం కండిషనర్ గానీ నూనె గానీ రాసి వేళ్ళతో విడదీయండి. చివర్లు ఎప్పుడూ గడ్డిలా ఉండేవాళ్ళు తలస్నానానికి అరగంట ముందు చివర్లకి కొబ్బరినూనె రాసుకుంటే కడిగేటప్పుడు జరిగే నష్టం తగ్గుతుంది.

2. గోరువెచ్చని నీళ్ళతో పూర్తిగా తడపండి. పూర్తిగా అంటే రెండు నిమిషాలు. ఒత్తయిన ఉంగరాల జుట్టు పైన నీళ్ళు కారుతున్నా లోపల పొడిగానే ఉంటుంది. మెడ పైన వేళ్ళు పెట్టి మాడుదాకా తడి తగిలిందో లేదో చూడండి. తగలకపోతే మీరు వేసే షాంపూ సగం పైనే ఉండిపోతుంది. మరీ వేడి నీళ్ళు వద్దు, మాడు ఇంకా ఎండుతుంది.

3. నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టండి. జుట్టు పలచగా ఉన్నవాళ్ళకి ఈ మెట్టు అక్కర్లేదు.

4. షాంపూని నీళ్ళతో పల్చబరచండి. భుజాల దాకా ఉండే జుట్టుకి ఒక చెంచాడు సరిపోతుంది. అరచేతిలో వేసుకుని, కాసిని నీళ్ళు కలిపి రెండు చేతులతో రుద్ది, అప్పుడు మాడుకి పట్టించండి. చిక్కటి షాంపూ ముద్దగా ఒకేచోట పడితే అక్కడ ఎక్కువ ఎండుతుంది, మిగతాచోట మురికి అలాగే ఉంటుంది. ఒత్తు జుట్టు ఉన్నవాళ్ళు సన్నమూతి సీసాలో ఒక వంతు షాంపూకి మూడు వంతుల నీళ్ళు కలిపి, ప్రతి పాయలోనూ మాడు మీద గీతలు గీసినట్టు పోసుకోండి. జాగ్రత్త: మిగిలింది పారబోయండి, వచ్చే వారానికని దాచకండి. నీళ్ళు కలిపాక అందులోని ప్రిజర్వేటివ్ బలం తగ్గిపోయి సూక్ష్మజీవులు పెరుగుతాయి.

5. మెడ దగ్గర మొదలుపెట్టండి. అందరం అలవాటుగా నడినెత్తిన షాంపూ చరుస్తాం. మెడ పైన, చెవుల వెనక చేరేసరికి ఏమీ మిగలదు. కాబట్టి మెడ పైన, చెవుల వెనక, తర్వాత నడినెత్తి, చివరికి నుదుటి పైన, ఈ వరుసలో వెళ్ళండి. గోళ్ళు తగలనివ్వకండి, వేలి కొసల్లోని మెత్తటి భాగంతో మాడుని చిన్న చిన్నగా ముందుకీ వెనక్కీ కదపండి. ఒకటిన్నర నిమిషం పడుతుంది. జుట్టంతా నెత్తిమీద పోగుచేసి గుండ్రంగా రుద్దితే తర్వాత గంటసేపు చిక్కులు తీసుకోవాలి.

6. పొడుగు మీద షాంపూ వేయకండి. మాడు మీద నుంచి జారే నురగనే కిందికి వదిలి, అరచేతుల మధ్య పాయని మెల్లగా పిండితే చాలు. జెల్, మూస్ రాసి ఉంటే ఇంకో రెండుసార్లు పిండండి. రుద్దొద్దు. తడి వెంట్రుక పొడిదానికన్నా ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది.

7. రుద్దిన సమయానికి రెండింతలు కడగండి. తల ముందుకు వంచి ఒకసారి, వెనక్కి వాల్చి ఒకసారి, పక్కలకి ఒకసారి. వేళ్ళు మాడు మీద ఉంచి నీళ్ళు లోపలికి పంపండి. మెడ పైన జారుడు పోయేదాకా ఆపొద్దు. చాలామంది షాంపూ పడలేదని అనుకునే దురద ఒక్కోసారి సరిగ్గా కడగకపోవడం వల్లే వస్తుంది.

8. రెండోసారి కావాలా? మొదటిసారి నురగే రాకపోతే, లేదా నూనె పెట్టి ఉంటే, ఇంకోసారి సగం కొలతతో వేయండి. నురగ బాగా వచ్చి ఉంటే అవసరం లేదు. మెత్తటి షాంపూల్లో కొన్ని తక్కువ నురగే ఇస్తాయి, నురగ తక్కువ వచ్చిందని ఇంకా ఇంకా పోసుకోకండి, ముందు ఇంకో గుక్కెడు నీళ్ళు కలిపి చూడండి.

9. వెంటనే కండిషనర్. చెవుల కింద నుంచి చివర్ల దాకా పట్టించండి. పాయ చేతిలో తడి పాచి పట్టుకున్నట్టు జారాలి. అలా జారే దాకా కొంచెం కండిషనర్, కొంచెం నీళ్ళు కలుపుతూ పోండి. అప్పుడు దువ్వెన తీసుకుని చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. మూడు నిమిషాలు ఆగి కడిగేయండి.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు, చేతినిండా వెంట్రుకలు వచ్చేశాయని. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు. తిన్నని జుట్టు అయితే అవి దువ్వినప్పుడల్లా, నడిచేచోటల్లా పడిపోతాయి. మనకి మెలికల్లో ఇరుక్కుని ఉండి, తలస్నానం రోజున అన్నీ కలిసి బయటికి వస్తాయి. వారం రోజులకి ఒకసారి తలస్నానం చేస్తే ఏడు రోజులవి ఒకేసారి కనిపిస్తాయి.

10. టీషర్ట్‌తో పిండండి. తువ్వాలుతో రుద్దితే ఇంతసేపు చేసిందంతా పోతుంది. తల వంచి, టీషర్ట్‌లోకి జుట్టుని తీసుకుని కింద నుంచి పైకి ఒత్తండి.

ఎన్ని రోజులకోసారి? జిడ్డు మాడు, చెమట ఎక్కువ పట్టేవాళ్ళు రెండు మూడు రోజులకోసారి. మామూలు మాడు అయితే నాలుగైదు రోజులకి. పొడి మాడు, బాగా బిగుతు మెలికలు ఉన్నవాళ్ళు వారానికోసారి. "ఉంగరాల జుట్టుకి ఎంత తక్కువ షాంపూ పెడితే అంత మంచిది" అనే మాట విని నెలలు నెలలు షాంపూ మానేసి, కండిషనర్‌తోనే కడుక్కునేవాళ్ళని చూశాను. మొదటి కొన్ని వారాలు జుట్టు మెరుస్తుంది. తర్వాత మాడు మీద మైనంలా పేరుకుని దురద, పొట్టు మొదలవుతాయి. అలా చేయాలనుకుంటే కనీసం రెండు మూడు సార్లకి ఒకసారైనా అసలు షాంపూ పెట్టండి.

క్లారిఫైయింగ్ షాంపూ మూడు నాలుగు వారాలకి ఒకసారి. ఆ రోజు మామూలు షాంపూ బదులు అదే వాడి, కండిషనర్‌ని ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఉంచండి. రంగు వేసుకున్నవాళ్ళు జాగ్రత్త, రంగు త్వరగా వెలిసిపోతుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

కడిగాక వెంట్రుక వేళ్ళ మధ్య కీచుమంటే శుభ్రమైందని సంబరపడటం. ఉంగరాల జుట్టు కీచుమందంటే వెంట్రుక మీద ఉండాల్సిన జారుడు కూడా పోయిందని అర్థం. షాంపూ కడిగాక మాడు తేలిగ్గా, జుట్టు మెత్తగా ఉండాలి, కీచుమనకూడదు.

ఒకేసారి అన్నీ మార్చేయడం. కొత్త షాంపూ, కొత్త కండిషనర్, కొత్త జెల్ ఒకే రోజు మొదలుపెడితే బాగున్నా ఎందుకు బాగుందో తెలియదు, బాగోకపోయినా ఎవరిది తప్పో తెలియదు. ఒక్కటే మార్చండి. నాలుగు నుంచి ఆరు తలస్నానాలు చేసి చూడండి. దురద, మంట, దద్దుర్లు వస్తే మాత్రం ఆగకండి, అదే రోజు మానేయండి.

చివర్లు చిట్లితే షాంపూ మార్చడం. చిట్లిన చివరని ఏ షాంపూ అతికించలేదు. కత్తిరించాలి, అంతే.

చుండ్రుని పొడిబారడం అనుకోవడం కూడా చాలా చూస్తుంటాను. మాడు పొడిబారితే పొట్టు చిన్నగా, తెల్లగా, దులిపితే పడిపోయేలా ఉంటుంది. చుండ్రు పొట్టు సాధారణంగా పెద్దదిగా, కాస్త జిడ్డుగా, పసుపు రంగు కలిసినట్టు ఉంటుంది. చుండ్రు ఉన్నప్పుడు పొడి అనుకుని తలస్నానాలు తగ్గించి మాడుకి నూనె పట్టిస్తే అది పెరుగుతుంది, ఎందుకంటే చుండ్రుకి కారణమయ్యే మలసేజియా అనే ఈస్ట్ ఆ కొవ్వుల మీదే బతుకుతుంది. దానికి కెటోకోనజోల్ గానీ సెలీనియం సల్ఫైడ్ గానీ ఉన్న మందు షాంపూ కావాలి. మాడు మీద మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచాలి, వేసిన వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. సీసా మీద ఎన్ని రోజులకోసారి వాడమని రాశారో అలాగే వాడండి. ఉంగరాలు ఎండిపోకుండా ముందే చివర్లకి కండిషనర్ పూసి, ఆ తర్వాత మాడుకి మందు షాంపూ పెట్టండి. కడిగేటప్పుడు జారే మందు ఆ కండిషనర్ మీద నుంచి పోతుంది.

నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటే

కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా? అయితే మీ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఎంత మంచి షాంపూ అయినా కొన్నాళ్ళకి జుట్టు గరుకెక్కి, ఉంగరాలు నిర్జీవంగా వేలాడతాయి. మామూలు క్లారిఫైయింగ్ షాంపూ దీనికి చాలకపోవచ్చు. "చీలేటింగ్" అని, అంటే ఆ ఖనిజాలని పట్టి వదిలించేదని, రాసి ఉన్నది తీసుకోండి. ఇలా ఖనిజాలని పట్టే పదార్థాల్లో ఒకటైన ఈడీటీఏ చాలా షాంపూల జాబితా చివర్లో కనిపిస్తుంది. చివర్లో ఉన్న ఆ కొంచెం ఈడీటీఏ, షాంపూ పాడవకుండా ఉంచడానికే సరిపోతుంది, అది చూసి చీలేటింగ్ షాంపూ అనుకోవద్దు. చీలేటింగ్ షాంపూ దొరక్కపోతే, ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళు గానీ వాననీళ్ళు గానీ రెండు మగ్గులు పక్కన పెట్టుకుని చివరిసారి వాటితో కడుక్కోండి. ఈతకొలనుకి వెళ్ళేవాళ్ళయితే దిగే ముందు మంచినీళ్ళతో జుట్టు బాగా తడుపుకోండి, అప్పటికే నీళ్ళు తాగిన వెంట్రుక క్లోరిన్ నీళ్ళని తక్కువ పీల్చుకుంటుంది. బయటికి రాగానే కడిగేయండి.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది

తలస్నానం అయ్యాక, జుట్టు ఆరాక, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళలో వెనక నుంచి ఒక ఫోటో తీసుకోండి. మూడో రోజు మళ్ళీ ఒకటి. కొత్త షాంపూ మొదలుపెట్టినప్పటి నుంచి ఆరు తలస్నానాల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అద్దంలో తెలియని తేడా కనిపిస్తుంది. రోజూ చూసుకునే జుట్టులో నెమ్మదిగా వచ్చే మార్పుని మన కళ్ళు పట్టుకోలేవు.

రెండో రోజు మాడు మీద గోటితో మెల్లగా ఒకచోట గీరి చూడండి. గోటి కింద తెల్లగా మైనంలా వస్తే షాంపూ బలం చాలడం లేదు, లేదా మీరు సరిగ్గా కడగడం లేదు. ముందు ఏడో మెట్టు సరిచేసుకుని, అప్పటికీ వస్తుంటే షాంపూ మార్చండి. ఏమీ రాకుండా మాడు బిగుసుకుపోయి ఉంటే బలం ఎక్కువైంది.

తడిపేటప్పుడు నీళ్ళు జుట్టు మీద బొట్లు బొట్లుగా నిలిచి జారిపోతుంటే పైన ఏదో పేరుకుంది, క్లారిఫైయింగ్ షాంపూకి వేళయింది. ఆరాక జుట్టు ఉబ్బి, ఉంగరం కట్టకుండా పోగుల్లా లేస్తుంటే షాంపూని అనుమానించే ముందు కండిషనర్ పెంచి చూడండి. పదిసార్లలో ఎక్కువసార్లు అక్కడే సరిపోతుంది. కుదుళ్ళు అతుక్కుపోయి చివర్లు బాగుంటే కండిషనర్‌ని మాడు దాకా తీసుకెళ్తున్నారేమో చూసుకోండి.

గుండ్రంగా ఒకేచోట జుట్టు ఊడటం, మాడు మీద పుండ్లు, చీము, నొప్పి, మందు షాంపూ నాలుగు వారాలు వాడినా తగ్గని పొట్టు, ఉన్నట్టుండి గుత్తులు గుత్తులుగా రాలడం, వీటిలో ఏది ఉన్నా సీసాలు మారుస్తూ కూర్చోకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీరు వాడుతున్న ప్రతి సీసా వెనక వైపు ఫోటో తీసి పట్టుకెళ్ళండి. జుట్టుకి నూనె, జెల్ ఏమీ రాయకుండా వెళ్తే వాళ్ళకి మాడు సరిగ్గా కనిపిస్తుంది.